పొగమంచులో ముర్రా గేదెలు: హర్యానా పాకల్లో ఎనిమిది రోజులు

ముర్రా గేదెల కోసం మన పాడి రైతులు హర్యానా వెళ్తే సాధారణంగా రెండు రోజుల్లో పని ముగించుకొని లారీ ఎక్కించేస్తారు. కొమ్ము మెలి చూస్తారు, పొదుగు చూస్తారు, పాలు కొలుస్తారు, బేరం తెంపుతారు. ఆ గేదె తెల్లవారి ఏ నీళ్ళు తాగింది, రాత్రి దేని మీద పడుకుంది, గాడిలో ఏమేం కలిపి పెట్టారు అన్నవి చూసేంత తీరిక ఉండదు. అక్కడ 12 లీటర్లు ఇచ్చిన గేదె మన ఊరొచ్చి సగానికి పడిపోయిందని బాధపడే ఇళ్ళలో చాలాసార్లు లోపం ఇక్కడే ఉంటుంది. అందుకే జనవరి మొదటి పక్షంలో, చలి గట్టిగా ఉన్నప్పుడు, ఎనిమిది రోజులు కేటాయించుకొని వెళ్ళాలి.

మొదటి రోజు: ఢిల్లీ నుంచి రోహ్‌తక్

హైదరాబాద్ వైపు వాళ్ళకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడ వైపు వాళ్ళకు ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. డిసెంబరు చివర్నుంచి జనవరి మూడో వారం దాకా ఉత్తరాదిన పొగమంచు వల్ల బండ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. కాబట్టి దిగిన సాయంత్రమే పాలు చూడొచ్చని ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఢిల్లీ నుంచి రోహ్‌తక్ 70 కిలోమీటర్లు. మెట్రో గ్రీన్ లైన్ బహదూర్‌గఢ్ దాకా వెళ్తుంది, అక్కడినుంచి బస్సు.

సంచిలో స్వెట్టరు, మంకీ టోపీతో పాటు ఇవి ఉండాలి: మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, జ్వరం చూసే థర్మామీటరు ఒకటి, నీళ్ళ వేడి చూసేది మరొకటి, 25 కిలోల తూకం చూపే స్ప్రింగ్ త్రాసు, మంచి టార్చి, పొదుగువాపు పరీక్షకు నాలుగు గుంటల పళ్ళెం, దాని ద్రావణం.

సాంప్లా దాటాక రోడ్డు పక్కన గుడిసెల్లాంటివి వరసగా కనబడతాయి. అవి పిడకల గూళ్ళు, వాటిని అక్కడ బిటౌడా అంటారు. పిడకల్ని పేర్చి, పైన గడ్డి కప్పి, చుట్టూ పేడతో మెత్తి పెడతారు. వానకు తడవదు, ఏడాది పొడవునా పొయ్యికి సరిపోతుంది. చలికాలపు పాడిలో ఈ పిడకకు పెద్ద పని ఉంది, ఆ సంగతి మూడో రోజు వస్తుంది.

మొదటి సాయంత్రం పాకలోకి వెళ్ళగానే పశువును చూడబుద్ధవుతుంది. ముందు దూడ ఎత్తుకు కిందికి కూర్చుని గాలి పీల్చి చూడండి. కళ్ళు మండితే, ముక్కు చురుక్కుమంటే ఆ పాకను చలికి భయపడి పూర్తిగా మూసేశారని అర్థం. మూత్రం నుంచి లేచే అమోనియా నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. నిలబడిన మనిషికి తెలియకపోయినా పడుకున్న దూడ రాత్రంతా దాన్నే పీలుస్తుంది. జనవరిలో దూడలకు వచ్చే దగ్గు, నిమ్ము చాలావరకు ఇలా మొదలయ్యేవే. బాగా నడిపే పాకలో చలిగాలి వచ్చే ఉత్తర, పడమర దిక్కుల్లో గోనెపట్టాలు మనిషి ఎత్తు దాకా దిగి ఉంటాయి. కప్పు కింద జానెడు, మూరెడు సందు మాత్రం తెరిచే ఉంటుంది. వెచ్చటి తేమగాలి పైకి లేచి ఆ సందులోంచి బయటికి పోవాలి. ఆ సందు లేకపోతే తెల్లారేసరికి రేకు లోపలివైపు నీటి బొట్లు పట్టి గేదెల వీపు మీద రాలతాయి. చేత్తో రేకు తడిమి చూస్తే తెలిసిపోతుంది.

రెండో రోజు: తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా

రోహ్‌తక్ చుట్టుపక్కల పల్లెల్లో ఈ రోజుల్లో తెల్లవారుజామున 3, 4 డిగ్రీలు ఉంటుంది. గేదె తోలు మందమే అయినా వెంట్రుక పలచన. ఆవుకు చలికాలంలో బొచ్చు దట్టంగా వస్తుంది, గేదెకు అలా రాదు. ముర్రా ఈ నేలలో పుట్టిన జాతే, అయినా తడి, గాలి రెండూ కలిస్తే తట్టుకోలేదు. కాబట్టి ఇక్కడి చలికాలపు పనులన్నీ పొడిగా ఉంచడం చుట్టూ తిరుగుతాయి.

నాలుగింటికి మొదటి పని పేడ తీయడం. చలికాలంలో ఉదయం, సాయంత్రం నేల కడగరు. పారతో గీకి తీసి, తడి ఉన్నచోట బూడిద చల్లుతారు. నీళ్ళు పోసి కడగడం మధ్యాహ్నం 12 తర్వాతే, గేదెల్ని ఎండలోకి మార్చాకే. గేదెలు పడుకునే పక్కకు వరిగడ్డి గానీ చెరుకు ఆకు గానీ జానెడు మందం వేస్తారు. మోకాలు ఆనించి పది సెకన్లు దాని మీద కూర్చుంటే చాలు, గుడ్డకు తడి అంటితే ఆ పక్క పనికిరాదు. తడిసిన చోటు తీసి కొత్తది వేయాలి, తడి మీద పొడి వేస్తే గంటలో అదీ తడుస్తుంది.

గేదె వీపు మీద కప్పే గోనె దుప్పటిని ఝూల్ అంటారు. రెండు పాత గోనె సంచులు విప్పి, కలిపి కుట్టి, ఛాతీ దగ్గర ఒక తాడు, పొట్ట కింద ఒక తాడు కడతారు. సూర్యుడు పైకి రాగానే, అంటే తొమ్మిది, పది మధ్య, విప్పి తప్పనిసరిగా ఎండలో ఆరేయాలి. ఒంటి ఆవిరికి, మూత్రపు తుంపరకు తడిసిన ఝూల్‌ను మళ్ళీ సాయంత్రం కప్పితే కప్పకపోవడమే మేలు. అదీగాక ఆ తేమలో పేలు, గజ్జి పెరుగుతాయి. అమ్మకానికి పెట్టిన గేదెకు నిగనిగ కోసం ఒళ్ళంతా గొరిగి ఆవనూనె రాస్తారు. జనవరిలో అలా గొరిగినదాన్ని కొంటే ఆ రాత్రి నుంచే ఝూల్ తప్పదు.

అయిదింటికి పాలు పితకడం. గేదె ఆవులా వెంటనే చేపదు. దాని పొదుగులో పాలు ఎక్కువ భాగం పైన గ్రంథుల్లోనే నిలిచి ఉంటాయి, చన్నుల పైగదిలో ఉండేవి కొద్దిపాటి. దూడను వదిలాక గానీ, పొదుగు నిమిరాక గానీ రెండు, మూడు నిమిషాలు ఓపిక పట్టాలి. చలిలో ఇది ఇంకా ఆలస్యమవుతుంది, ఎందుకంటే చల్లటి చేయి తగిలితే గేదె బిగుసుకుంటుంది. ఒక బకెట్ గోరువెచ్చటి నీళ్ళు, అంటే 40 డిగ్రీల చుట్టూ, పక్కన పెట్టుకొని అందులో చేతులు ముంచి తుడుచుకొని మొదలుపెడతారు. పొదుగంతా కడగరు, చన్నులు మాత్రం తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తుతారు. ఒక్కో చన్ను నుంచి మొదటి నాలుగు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి విరుగుళ్ళున్నాయేమో చూస్తారు.

పితికేటప్పుడు గుప్పిట పట్టి పితకాలి. బొటనవేలు మడిచి దాని కణుపుతో నొక్కే అలవాటు హర్యానాలోనూ ఉంది, మన దగ్గరా ఉంది. చలిలో తోలు ఎండి ఉంటుంది కాబట్టి ఆ కణుపు ఒత్తిడికి చన్ను మొదట్లో పగులు వస్తుంది, పగుల్లోంచి క్రిమి లోపలికి పోతుంది, వారం తిరిగేలోపు పొదుగువాపు. పాల నురగతో చేయి తడుపుకుంటూ పితికినా అంతే. పితికాక దూడను కాసేపు వదులుతారు, దాని నోటి తడి చన్నుల మీద ఉండిపోతుంది. ఆ తడితో గేదెను చలిగాలిలోకి తోలితే చన్నులు పగులుతాయి. కాబట్టి దూడను తీశాక తుడిచి, గ్లిజరిన్ కలిసిన అరశాతం అయోడిన్ ద్రావణంలో చన్నులు ముంచి, ఆ తర్వాతే గాడిలో మేత వేయాలి. మేత ముందుంటే అరగంటైనా నిలబడే ఉంటుంది, ఈలోపు చన్ను రంధ్రం మూసుకుంటుంది. ఈ వరస మార్చి ముందే మేత పెట్టేస్తే పితికిన మరుక్షణం పడుకుంటుంది, తెరుచుకున్న రంధ్రం పేడకు తగులుతుంది.

ఇక నీళ్ళు. చలికాలంలో పాలు తగ్గాయంటే అందరూ దాణా పెంచుతారు, తొట్టిలో చేయి పెట్టి చూసేవాళ్ళు తక్కువ. రాత్రంతా తొట్టిలో నిలిచిన నీళ్ళు తెల్లారేసరికి మంచులా ఉంటాయి. గేదె రెండు గుక్కలు తాగి తల తిప్పేస్తుంది. పాలలో నూటికి 80 వంతులు పైగా నీరే కాబట్టి తాగకపోతే దాణా ఎంత పెట్టినా పాలు రావు, పైగా మేత కూడా తగ్గిస్తుంది. ఇక్కడి రైతులు చేసేది తేలిక పని: సాయంత్రం తొట్టి ఖాళీ చేసి, ఉదయం బోరు మోటారు వేసి తాజాగా నింపుతారు. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్ళు ఆ చలిలో గోరువెచ్చగా ఉంటాయి, ఆవిరి కూడా కనబడుతుంది. మూడుసార్లు తాగిస్తారు: పితికాక ఒకసారి, మధ్యాహ్నం ఎండలో, మళ్ళీ సాయంత్రం చీకటి పడకముందు.

పదకొండింటి నుంచి మూడున్నర దాకా గేదెలు ఎండలో ఉంటాయి. స్నానం చేయించాలంటే ఆ వేళలోనే, అదీ ఎండ ఉన్న రోజే. పొగమంచు వీడని రోజు బ్రష్షుతో రుద్ది వదిలేస్తారు. జోహడ్ అనే ఊరి చెరువులోకి ఈ రెండు నెలలూ తోలరు. సాయంత్రం అయిదింటికి మళ్ళీ పితకడం, ఏడింటికి ఎండు మేత. రాత్రి మేతలో గోధుమ పొట్టు ఎక్కువ ఉంచడానికి కారణం ఉంది. పీచు అరిగేటప్పుడు పొట్టలో పుట్టే వేడి తెల్లవారుజాము దాకా ఒంటిని కాస్తుంది.

ఒక పద్ధతి మాత్రం నేర్చుకోకండి. కొన్ని ఇళ్ళలో పాక లోపలే పిడకల మంట వేసి పొగబెడతారు. వెచ్చదనం కంటే పొగే ఎక్కువ, ఊపిరితిత్తులు పాడవుతాయి, గడ్డి పక్కన నిప్పు ఎప్పటికైనా ప్రమాదమే.

మూడో రోజు: బర్సీమ్ మడిలో, హారా దగ్గర

చలికాలంలో హర్యానా పాడికి ప్రాణం బర్సీమ్ అనే పప్పుజాతి పచ్చిమేత. సెప్టెంబరు చివర, అక్టోబరులో ఎకరాకు 8 నుంచి 10 కిలోల విత్తనం నిలబెట్టిన నీళ్ళలో చల్లుతారు. చల్లేముందు ఉప్పునీళ్ళలో పోసి తేలిన కాసనీ కలుపు గింజల్ని తీసేసి, మంచినీళ్ళతో కడిగి, వేళ్ళకు నత్రజని అందించే రైజోబియం బాక్టీరియా పట్టిస్తారు. మొదటి కోత పలచగా వస్తుంది కాబట్టి ఎకరాకు అరకిలో, కిలో ఆవాలు కలిపి చల్లుతారు, ఆ కోతలో బరువు అలా పెరుగుతుంది. మొదటి కోత 50 నుంచి 60 రోజులకు, ఆ తర్వాత నెలకొకటి. జనవరి చలిలో ఎదుగుదల మందగిస్తుంది, అందుకే మడిని భాగాలు చేసి రోజుకొక భాగం కోస్తారు.

దీన్ని పొద్దున్నే కోయకూడదు. మంచుతో తడిసిన లేత బర్సీమ్ ఆకలి మీదున్న గేదె గబగబా తింటే గంటలో ఎడమ డొక్క ఉబ్బుతుంది. ఇలాంటి పప్పుజాతి మేతలు తింటే పొట్టలో పుట్టే గాలి నురగలో చిక్కుకుంటుంది, త్రేన్పుగా బయటికి రాదు. పదకొండు తర్వాత మంచు ఆరాక కోసి, కొన్ని గంటలు పలచగా పరిచి వాడ్చి, గోధుమ పొట్టుతో కలిపి వేస్తారు. గోధుమ పొట్టును తూడీ అంటారు. పది లీటర్ల గేదెకు వాడుకలో ఉన్న లెక్క సుమారుగా బర్సీమ్ 30 కిలోలు, తూడీ 5 కిలోలు, దాణా 5 కిలోలు. ముందు కొంచెం తూడీ తినిపించి తర్వాత కలిపిన మేత వేస్తే ఇంకా భద్రం. ఉబ్బితే పావు లీటరు నుంచి అర లీటరు వంటనూనె మెల్లగా తాగించి, ముందుకాళ్ళు ఎత్తున ఉండేలా నిలబెట్టి, వెంటనే డాక్టర్ని పిలవాలి. తాగించేటప్పుడు నాలుక పట్టి లాగొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉబ్బరం కంటే అదే ముందు ప్రాణం తీస్తుంది.

బర్సీమ్‌తో ఇంకో తంటా ఉంది, మన రైతులకు బొత్తిగా తెలియనిది. ఇందులో కాల్షియం ఎక్కువ, భాస్వరం తక్కువ. బాగా పాలిచ్చే గేదె, ముఖ్యంగా మూడో ఈత దాటినది, ఈనిన కొద్ది వారాల్లో కాఫీ రంగు మూత్రం పోస్తుంది. ఒంట్లో భాస్వరం పడిపోయి రక్తకణాలు చిట్లడం వల్ల ఆ రంగు. జ్వరం ఉండకపోవచ్చు, నడక తడబడుతుంది, కనురెప్పల లోపల తెల్లబడుతుంది. ఆలస్యం చేస్తే చనిపోతుంది. డాక్టరు సోడియం యాసిడ్ ఫాస్ఫేట్ నరానికి ఎక్కిస్తారు. ముందుజాగ్రత్త దాణాలోనే ఉంది: గోధుమ తవుడులో భాస్వరం పుష్కలం. ఇక్కడ ఇంట్లో కలుపుకునే నూరు కిలోల దాణాలో సజ్జ లేదా మొక్కజొన్న 35, పత్తి చెక్క, ఆవ చెక్క కలిపి 30, గోధుమ తవుడు 32, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1 ఉంటే చక్కటి పాళ్ళు. ప్రతి రెండు లీటర్ల పాలకు ఈ దాణా ఒక కిలో. చలి గట్టిగా ఉన్న వారాల్లో గింజల వాటా కాస్త పెంచుతారు, చెక్క పెంచరు, ఎందుకంటే చలికి కావాల్సింది శక్తి.

జై అనే ఓట్స్ మేత కూడా వేస్తారు. యూరియా ఎక్కువ చల్లి, వరసగా ఎండ రాని పొగమంచు రోజుల్లో కోస్తే అందులో నైట్రేట్ పేరుకుపోయి ఉంటుంది. తిన్న గేదెకు ఊపిరి అందదు, రక్తం చాక్లెట్ రంగుకు మారుతుంది. యూరియా వేసిన తర్వాత రెండు వారాలైనా ఆగి, రెండు రోజులు ఎండ కాశాక కోయాలి.

సాయంత్రం వాకిట్లో హారా చూడాలి. మట్టితో చేసిన గుండ్రటి గూడు లాంటి పొయ్యి. అందులో పిడకలు రాజేసి, పత్తి గింజలు, సజ్జలు, కొద్దిగా మెంతులు వేసిన కుండ పెట్టి మూత వేస్తారు. మంట లేకుండా గంటల తరబడి కుములుతుంది. పత్తి గింజ మెత్తబడుతుంది, ఉడికినదాన్ని గోరువెచ్చగా దాణాలో కలిపి పెడతారు. కొత్తగా ఈనినదానికి నూరు, రెండు వందల గ్రాముల బెల్లం అందులోనే. ఎక్కువ వేస్తే పొట్టలో పులిసి మేత మానేస్తుంది. ఈ పని అంతా ఆడవాళ్ళదే. పిడక కొట్టడం, మేత మోయడం, హారా చూడటం, చాలా ఇళ్ళలో పితకడం కూడా. గేదె గుణం గురించి అడగాల్సింది వాళ్ళని. బేరం మాట్లాడే మగవాళ్ళకు తెలియని సంగతులు వాళ్ళకు తెలుస్తాయి.

నాలుగో రోజు: మెహం, హాంసీ మీదుగా హిసార్

తొమ్మిదో నంబరు జాతీయ రహదారి మీద మెహం, హాంసీ దాటి హిసార్. ఆవ చేలు పసుపు పచ్చగా ఉంటాయి గానీ పదింటి దాకా పది గజాల అవతల ఏమీ కనబడదు, కాబట్టి పదిన్నర తర్వాతే బయల్దేరాలి. హిసార్‌లో సిర్సా రోడ్డు మీద కేంద్ర గేదెల పరిశోధన సంస్థ ఉంది, 1985లో మొదలైంది. క్లోనింగ్ ద్వారా పుట్టిన హిసార్ గౌరవ్ అనే ముర్రా దూడ ఈ సంస్థదే, 2015 డిసెంబరు 11న పుట్టింది. లాలా లజపత్ రాయ్ పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఈ ఊళ్ళోనే. ముందుగా అనుమతి తీసుకొని వెళ్తే దూడల పెంపకం చూడొచ్చు.

గేదెలు ఇక్కడ వానాకాలం నుంచి చలికాలం మొదటి దాకా ఎక్కువగా ఈనుతాయి. దాంతో ప్రతి ఇంట్లో లేత దూడలుంటాయి, దూడల చావులూ ఈ నెలల్లోనే ఎక్కువ. పుట్టిన దూడ 30 కిలోల చుట్టూ ఉంటుంది, ఉమ్మనీటితో తడిసి ఉంటుంది. 4 డిగ్రీల చలిలో ఆ తడి అరగంట ఉంటే చాలు, ఒళ్ళు చల్లబడి పాలు చీకే బలం పోతుంది. తల్లి నాకుతుండగానే పొడి గోనెతో గట్టిగా రుద్దాలి. రుద్దడం వల్ల రక్తప్రసరణ, ఊపిరి రెండూ అందుకుంటాయి. బొడ్డుకు రెండు అంగుళాల దూరంలో దారం కట్టి కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి, ఆరేదాకా రోజూ పూయాలి.

ముర్రుపాల దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంది. మాయ పడేదాకా దూడను తాగనివ్వకూడదన్న నమ్మకం అక్కడా ఉంది, మన పల్లెల్లోనూ ఉంది. మాయ పడటానికి 8 నుంచి 12 గంటలు పట్టొచ్చు. దూడ పేగు ముర్రుపాల్లోని రక్షణ పదార్థాల్ని ఉన్నవున్నట్టు పీల్చుకోగలిగేది మొదటి గంటల్లోనే, ఆ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి గంటలోపు కడుపునిండా, మొదటి రోజు మొత్తం మీద బరువులో పదో వంతు, అంటే మూడు లీటర్లు తాగాలి. దూడ చీకితే తల్లికి మాయ ఇంకా త్వరగా పడుతుంది. సీసాతో పడితే పాలు 38 డిగ్రీలు ఉండాలి. చల్లారిన పాలు పోస్తే వాటిని వేడెక్కించడానికే దూడ ఒంట్లో శక్తి అయిపోతుంది.

దూడ నోట్లో వేలు పెడితే చల్లగా తగిలితే ఆ క్షణమే పని మొదలుపెట్టాలి. వేడినీళ్ళ సీసాలు గుడ్డ చుట్టి పొట్టకు, తొడలకు ఆనించి, ఒళ్ళు వెచ్చబడ్డాక పాలు పట్టాలి. పదో రోజుకు నట్టల మందు మొదటి మోతాదు. గేదె దూడలకు పెద్ద ఏలికపాములు తల్లి పాలలోంచే వస్తాయి, అందుకే అంత తొందర. మగ దూడను నిర్లక్ష్యం చేసి చంపుకున్న ఇంట్లో ఆ గేదె పాలు చేపడం మానేస్తుంది, అప్పుడు పాలు చేపించే ఆక్సిటోసిన్ సూదికి అలవాటు పడతారు. దూడ బతికి ఉన్న గేదెనే కొనాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

ఈనిన మూడు రోజుల్లోపు గేదె మెడ పక్కకు తిప్పి పడుకొని, చెవులు చల్లబడి లేవకపోతే చలికి అనుకోవద్దు, అది పాలజ్వరం. పేరులో జ్వరమున్నా ఒళ్ళు చల్లగా ఉంటుంది. కాల్షియం సీసాను గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి ఒంటి వేడికి తెచ్చాకే నరానికి ఎక్కించమని డాక్టరును కోరాలి. 5 డిగ్రీల మందు గుండెకు దెబ్బ.

అయిదో రోజు: జీంద్

హిసార్ నుంచి జీంద్ దాకా దారి పొడవునా ముర్రా పుట్టినిల్లే. ఇక్కడ చూడాల్సింది ఎద పని. గేదెలు చలికాలంలోనే ఎక్కువగా ఎదకు వస్తాయి, కానీ మూగ ఎద. ఆవులా ఒకదాని మీదొకటి ఎక్కడం అరుదు. తెల్లవారుజామున నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి టార్చితో వెనకనుంచి చూడాలి: తీగలా జారే పారదర్శకమైన జిగురు, కొంచెం కొంచెంగా మాటిమాటికీ మూత్రం, ఆ పూట చేపు సరిగా రాకపోవడం. ఉదయం కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు ఉదయం చూడి కట్టడానికి వీర్యపు సూది వేయిస్తారు. ఈనిన రెండు నెలల తర్వాత వచ్చే ఎదనుంచి లెక్క. జనవరి 10న కట్టిన గేదె 310 రోజుల లెక్కన నవంబరు 16 ప్రాంతంలో ఈనుతుంది.

చలిలో వీర్యం పాడయ్యేది స్ట్రా, అంటే గడ్డకట్టిన వీర్యముండే సన్న గొట్టం, కరిగించాక. 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకన్లు ఉంచి తీసి, తుడిచి, వీర్యం ఎక్కించే ఇనుప గన్నులో పెడతారు. ఆ గన్ను బయట చలికి 5 డిగ్రీల్లో ఉంటే కరిగిన కణాలు మళ్ళీ దెబ్బతింటాయి. అనుభవమున్నవాళ్ళు గన్నును అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టి, స్ట్రా పెట్టాక చొక్కా లోపల దాచుకొని గేదె దగ్గరికి నడుస్తారు.

ఆరో రోజు: కర్నాల్

అసంధ్ మీదుగా కర్నాల్ చేరేసరికి నేల మారిపోతుంది, ఇది వరి ప్రాంతం. జాతీయ పాడి పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. 1923లో బెంగళూరులో పుట్టి 1955లో ఇక్కడికి మారింది. సంకర జాతి ఆవుల పాకలు ఈ వైపు ఎక్కువ. ఆవుకు ఈ చలి పెద్ద లెక్క కాదు, పొడి పక్క, గాలికి అడ్డు ఉంటే హాయిగా ఉంటుంది. అదే పాకలో గేదె వణుకుతుంటే ఆవును చూసి కొలవకూడదు.

వరి ప్రాంతం కాబట్టి ఇక్కడ వరిగడ్డి మేపుతారు, దానితో డెగ్‌నాలా వస్తుంది. ఇప్పటి పాకిస్తాన్ పంజాబులోని డెగ్ నాలా అనే వాగు ఒడ్డున మొదట గుర్తించడం వల్ల ఆ పేరు. తడిసి బూజు పట్టిన వరిగడ్డిలో పెరిగే శిలీంధ్రాల విషం వల్ల చిన్న రక్తనాళాలు బిగుసుకుపోతాయి. ఒంటికి చివరన ఉన్న భాగాలకు, అంటే తోక కొన, చెవి కొనలు, గిట్టల పైభాగానికి రక్తం అందక అవి నల్లబడి ఎండి కుళ్ళుతాయి. చలి తోడైతే ఇంకా త్వరగా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆవుల కంటే గేదెల్లో ఎక్కువ. మొదట కుంటుతుంది, తోక చివర తాకితే చల్లగా ఉంటుంది. అప్పుడే ఆ గడ్డి ఆపేస్తే కాపాడుకోవచ్చు. ఇనుము, రాగి, జింకు, కోబాల్టు, మెగ్నీషియం సల్ఫేట్లు కలిపిన మిశ్రమం డాక్టర్లు ఇస్తారు. నల్లబడినదాన్ని మాత్రం తిరిగి తేలేరు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నవంబరు, డిసెంబరు తుపాన్లకు తడిసిన వాములు ఎన్నో. పైన ఎండినట్టున్నా లోపల చేయి పెడితే వేడి, బూజు వాసన తగులుతాయి. ఆ పొరలు పశువుకు వేయకండి, పక్కకు కూడా వాడకండి, నాలుకకు అందేది తినే తీరుతుంది.

ఏడో రోజు: మూడు పూటల పాలు

ఎంచుకున్న గేదె దగ్గర వరసగా మూడు పూటలు కూర్చోవాలి. బేరగాళ్ళు వస్తున్నారని తెలిసి ముందు పూట పితకకుండా వదిలేసే అలవాటు ఉంది, పొదుగు నిండుగా కనబడుతుంది. కాబట్టి ముందురోజు సాయంత్రం దగ్గరుండి చుక్క మిగలకుండా పితికించి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, ఈ రోజు ఉదయం, సాయంత్రం పాలు కలిపి చూడాలి. బకెట్లో గీత చూడొద్దు, నురగ మోసం చేస్తుంది. ఖాళీ బకెట్ తూచి, పాలతో తూచాలి. లీటరు పాలు కిలోకు కాస్త పైనే తూగుతాయి. పితికే ముందు మెడ దగ్గర సూది పడిందేమో గమనించాలి. నాలుగు చన్నుల పాలూ పళ్ళెంలో విడివిడిగా పరీక్షించాలి, ఒక్కటి జిగురు కట్టినా ఆ గేదె వద్దు. రక్తం తీయించి ఈసుకుపోత రోగమైన బ్రూసెల్లా పరీక్ష చేయించాలి. గాలికుంటు, గొంతువాపు టీకాలు ప్రయాణానికి రెండు, మూడు వారాల ముందే పడి ఉండాలి.

పాలతో పాటు గాడిలో వేసిన ప్రతిదీ తూచి రాసుకోండి. బర్సీమ్ ఎంత, తూడీ ఎంత, దాణాలో ఏ చెక్క, ఎన్నింటికి, ఎన్ని బకెట్ల నీళ్ళు. ఆ కాగితం గేదెతో పాటు మీ ఊరు రావాలి.

ఎనిమిదో రోజు: లారీ

1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం ఒక మామూలు లారీలో ఆరుకు మించి పెద్ద పశువులు ఎక్కించకూడదు. డాక్టరు ధ్రువపత్రం ఉండాలి, కనిపెట్టుకొని ఉండే మనిషి ఉండాలి, నేల జారకుండా కొబ్బరిపీచు పట్టా గానీ చెక్కలు గానీ వేయాలి. ముఖాలు ఇంజను వైపు ఉంచడం మేలని కూడా అందులోనే ఉంది. పట్టా మీద ఇసుక, ఆపైన జానెడు గడ్డి వేస్తే గిట్టలు నిలుస్తాయి.

ఎక్కించే పూట దాణా సగానికి తగ్గించి ఎండు మేత పెట్టి, నీళ్ళు తాగించి, పొదుగు ఖాళీ చేసి ఎక్కించాలి. నెలలు నిండిన చూడి గేదెను ఎక్కించొద్దు. పొగమంచు వీడాక పదకొండింటికి కదిలి, 44వ నంబరు రహదారి మీద ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, నాగ్‌పూర్, ఆదిలాబాద్ మీదుగా రావాలి. ముందువైపు, పైన టార్పాలిన్ కట్టి వెనక తెరిచి ఉంచితే గాలి తిరుగుతుంది, ఒంటికి చలిగాలి కొట్టదు. నాగ్‌పూర్ దాటాక మధ్యాహ్నం వేడి పెరుగుతుంది, ఝూల్ విప్పి టార్పాలిన్ పైకి చుట్టేయాలి. అలాగే వదిలేస్తే చలికి తట్టుకున్న గేదె ఎండకు వగరుస్తుంది. ఆరు, ఎనిమిది గంటలకొకసారి ఆపి, తన పాత బకెట్‌లోనే నీళ్ళు పెట్టాలి, కొత్త పాత్రలో చాలా గేదెలు తాగవు. దారిలోనూ రెండు పూటలా పితకడం మానొద్దు, మానితే దిగేసరికి పొదుగువాపు.

గేదె అక్కడ తిన్న దాణా నాలుగు బస్తాలు, తూడీ రెండు బస్తాలు లారీలోనే వేసుకు రండి. ఊళ్ళో దించాక మూడు వారాలు మిగతా పశువులకు దూరంగా కట్టాలి. మొదటి మూడు రోజులు పాత దాణానే, తర్వాత రోజుకు కొంత చొప్పున మార్చుతూ రెండు వారాలకు మన దాణాకు తేవాలి. బర్సీమ్ మన కోస్తా వేడికి పండదు. జనవరిలోనే డెల్టా వరి మాగాణుల్లో పిల్లిపెసర చేతికొస్తుంది, అది కూడా పప్పుజాతి మేతే, బర్సీమ్‌కు బదులు నిలబడేది అదే. లేనిచోట లూసర్న్. వాటిని కూడా మంచు ఆరాకే కోసి, వరిగడ్డితో కలిపే వేయండి. అక్కడ గోధుమ తవుడు చేసిన పని ఇక్కడ నాణ్యమైన వరి తవుడు చేస్తుంది, దాణాలోంచి దాన్ని తీసేయొద్దు. పాలు మొదటి వారం తగ్గుతాయి. సూది వేయించకుండా, కాగితంలో రాసుకొచ్చిన వేళలకే నీళ్ళు, మేత, పితుకుడు జరిపిస్తే రెండు, మూడు వారాల్లో మళ్ళీ ఎక్కుతాయి.